ఊపిరి పెంచే మందును ఎలుకలపై పరీక్షించిన నా అనుభవం

హైదరాబాద్‌లో ఫార్మకాలజీ పరిశోధన చేస్తున్న రోజుల్లో, నొప్పి తగ్గించే మార్ఫిన్ వల్ల మందగించిన శ్వాసను తిరిగి పెంచగల ఒక కొత్త సమ్మేళనాన్ని ఎలుకలపై పరీక్షించే పని నాకు అప్పగించారు. ఇందుకు మార్ఫిన్‌కు విరుగుడుగా వాడే నలాక్సోన్ ఉంది కదా అని చాలామంది అడిగేవారు. మార్ఫిన్ అంటుకుని పనిచేసే కణాల మీది గ్రాహకాలనే నలాక్సోన్ అడ్డుకుంటుంది కాబట్టి, ఊపిరితో పాటు నొప్పి కూడా తిరిగొస్తుంది. ఆపరేషన్ చేయించుకున్న రోగికి అది చిన్న బాధ కాదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే పసిగట్టే, మెడలోని కరోటిడ్ బాడీని ఉత్తేజపరిచి ఊపిరి పెంచే డాక్సాప్రామ్ ఉన్నా, దానివల్ల రక్తపోటు, ఆందోళన పెరుగుతాయి, మోతాదు మించితే మూర్ఛలు వస్తాయి.

జంతువులపై ప్రయోగాలకు ఫారం-బి అనే దరఖాస్తు నింపి సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి పొందాలి. ఇన్ని ఎలుకలు ఎందుకు, ఏ దశలో ప్రయోగం ఆపేస్తారు అని కమిటీలోని పశువైద్యుడు నిలదీశారు. ఆ ప్రశ్నలు అవసరమైనవే. ఒకే ఎలుకకు వేర్వేరు రోజుల్లో మందునూ సెలైన్‌నూ ఇచ్చి పోల్చే పద్ధతికి మారడంతో ఎలుకల సంఖ్య తగ్గింది. పాదాలు నీలంగా మారితే వెంటనే ఆక్సిజన్ ఇచ్చి ఆ ఎలుకను ప్రయోగం నుంచి తప్పించాలని రాసుకున్నాం.

శ్వాసను ప్లెథిస్మోగ్రఫీ పెట్టెలో, అంటే గాలి పీడనం మార్పులతో ఊపిరిని కొలిచే మూసిన పెట్టెలో, కొలిచేవాళ్లం. కోత అక్కర్లేదు, ఎలుక అందులో స్వేచ్ఛగా ఉంటుంది, ప్రతి శ్వాసకూ లోపలి పీడనంలో వచ్చే మార్పు తెరపై అలగా కనిపిస్తుంది. నెమ్మదిగా ఉన్న ఎలుక నిమిషానికి సుమారు 70 నుంచి 115 సార్లు ఊపిరి తీస్తుంది, కానీ కొత్త చోట పెట్టగానే మూలమూలా వాసన చూస్తూ ఆ వేగాన్ని కొన్ని రెట్లు పెంచేస్తుంది. తెరపై అది అచ్చం మందు ప్రభావంలాగే ఉంటుంది. అందుకే మందు లేకుండానే రోజూ వాటిని ఆ పెట్టెకు అలవాటు చేశాం. తల ముడుచుకుని పడుకుని, మీసాల కదలిక ఆగి, అలలు ఒకే తీరుగా వచ్చాకే సూది వేసేవాళ్లం. నా దృష్టిలో మొత్తం పరీక్షకు ఆధారం ఈ ఓపికే.

వేగం పెరిగినంత మాత్రాన సరిపోదు. పైపై శ్వాసలు ఎన్ని తీసినా ఊపిరితిత్తుల లోతుకు గాలి చేరదు. అందువల్ల ఒక్కో శ్వాసలో వెళ్లే గాలినీ, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌నూ కూడా కొలిచాం. మధ్య మోతాదులో గాలి పెరిగింది, కార్బన్ డయాక్సైడ్ తగ్గింది. నొప్పిని అంచనా వేసేందుకు తోకకు వేడి తగిలించే పరీక్షలో మార్ఫిన్ ఉపశమనం అలాగే నిలిచింది. ఎక్కువ మోతాదులో మాత్రం ఎలుకలు కుదురుగా ఉండలేక పెట్టెలో తిరగసాగాయి. అప్పుడు పెరిగిన శ్వాసలో మందు వంతెంతో, కలవరం వంతెంతో విడదీయలేం కనుక, ఆ అంకెలను ఫలితాల్లో కలపకుండా నివేదికలో విడిగా, కారణంతో సహా నమోదు చేశాను.