కెమెరా ఎక్కడ పెడతావురా?

మన బడి పాత విద్యార్థుల సంచికకి స్కూలు గురించి ఏదైనా రాయమని మూడోసారి ఫోన్ చేసినప్పుడు, "నీ సినిమాల సోది మాత్రం వద్దు బాబూ" అని మన క్లాస్ లీడరు ముందే షరతు పెట్టాడు. సరేనన్నాను. తీరా రాయడానికి కూర్చుంటే, నాకు మిగిలిన బడి అంతా ఒక్క ఆదివారమే. ఎనిమిదీ తొమ్మిదీ ఎటు పోయాయో తెలీదు. గంట తాత చుట్ట, గొడుగు కేసు, సైన్సు ల్యాబులో కప్ప, అవన్నీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు.

1975లో 'ముత్యాల ముగ్గు' వచ్చినప్పుడు గుర్తుందా? అందరం రావు గోపాలరావులా కాళ్లు బారజాపి డైలాగులు అప్పజెప్పేవాళ్లం. డ్రాయింగు మాస్టారు చెవులు మెలిపెడతారనుకుంటే, "మాటలు సరేరా, మొహం మీద వెలుగు ఎటునుంచి పడుతోంది?" అన్నారు. ఒక్కడూ చెప్పలేకపోయాడు. ఆ సినిమా కెమెరామన్ ఇషాన్ ఆర్య అన్న పేరు మొదటిసారి విన్నది ఆయన నోటే.

టెన్త్‌లో ధనుర్మాసపు ఆదివారం, ఆ మాస్టారితో కలిసి ఆరు సైకిళ్ల మీద పదిమందిమి, లొల్ల లాకులు చూసుకుని పులిదిండి వెళ్లాం. బాపు మొదటి సినిమా 'సాక్షి' తీసిన ఊరు. అప్పటికి ఆ సినిమా వచ్చి పదకొండేళ్లు. వెళ్లి చూస్తే ఏముందక్కడ? అచ్చం మన ఊరే. కాలవ, గేదెలు, బట్టలుతుక్కునే ఆడవాళ్లు.

"సినిమా ఏదండీ మాస్టారూ?" అన్నాడు బొండాం, ఏడుపు మొహంతో.

"ఇదేరా" అన్నారు ఆయన. "కృష్ణ బల్లకట్టు లాక్కుంటూ వస్తున్నాడనుకోండి. కెమెరా ఎక్కడ పెడతారు?"

ఒకడు గట్టు మీదన్నాడు, ఒకడు నీళ్లలోనన్నాడు. నేను గొప్పకి "మావిడిచెట్టు మీదండి" అన్నాను.

"ఎక్కు."

ఎక్కాను. రెండు చేతులూ చట్రంలా పట్టుకుని, ఆకుల సందులోంచి కిందికి చూశాను. ఒక ముసలమ్మ నీళ్లబిందె నెత్తిన పెట్టుకుని చెట్టు కిందనుంచి వెళుతోంది. మొహం కనపడలేదు. బిందె నోరు మాత్రమే. అందులో ఇంత ఆకాశం, కొమ్మ, ఆ కొమ్మ మీద నేను. మరు క్షణంలో ఎర్ర చీమలు. తర్వాతి సంగతి మీకు తెలుసు, లాగూతో సహా. ఇంత గోలలోనూ మాస్టారు చీమల మాటెత్తలేదు. "ఏం కనపడింది?" అనడిగారు. చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తిరుగుదారిలో ఆత్రేయపురం పూతరేకులు కొంటారని ఆశపడ్డాం, జామకాయలు కొన్నారు.

'శంకరాభరణం' నాటికి ఇంటర్లో పడ్డాం. విశ్వనాథ్ గారి సినిమాల్లో నా ఓటు మాత్రం 'సాగర సంగమం'కే. వానలో, తాగిన మైకంలో బావి గట్టు మీద ఆ డాన్సు చూస్తూ, కెమెరా ఎక్కడుందో వెతకడం మర్చిపోయాను. బ్యాంకు ఉద్యోగం, ఊరూరా బదిలీలు, కలకత్తా. అక్కడ నందన్ థియేటర్లో సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి' చూశాను. అక్కాతమ్ముళ్లు రైలు కోసం పరిగెత్తే ఆ తెల్లటి పొలం, మన లంకల్లో పూసే రెల్లే! భాష రాకపోయినా గొంతు పట్టేసింది. 1952లో రే ఒక ఆదివారం అక్కడ కొంత తీసి, వారం తర్వాత వెళ్లేసరికి పూలన్నీ పశువులు మేసేశాయిట. మళ్లీ పూసేదాకా ఏడాది ఆగాడు.

ఇదంతా మాస్టారికి ఉత్తరం రాశాను. పోస్టుకార్డు మీద ఇంకుతో బొమ్మ వేసి జవాబు పంపారు. కార్డు నిండా రెల్లు, మూలన అగ్గిపుల్లంత రైలు, ముందు తీరిగ్గా నెమరేస్తూ ఒక గేదె. అంతే, మాట లేదు.

బ్యాంకులో డిప్యూటీ జనరల్ మేనేజరుగా రిటైరయ్యాక ఇల్లు సర్దుతుంటే ఆ కార్డు దొరికింది. మా చిన్నమ్మాయి పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ చదివింది, ఇప్పుడు పనితో తీరిక లేదు దానికి. కార్డు చూసి, "ఈయన ఎవరు నాన్నా? గేదెని ముందు పెట్టాడే!" అంది.

సంచికలో వేసుకోమని కార్డు స్కాన్ చేసి కమిటీకి పంపుతున్నాను. బొమ్మ వైపు మాత్రమే. రెండో వైపు అడ్రసులో నా పేరు పక్కన మాస్టారు 'చీమల కెమెరా' అని రాశారు. మా పోస్ట్‌మ్యాన్ నెలరోజులపాటు నన్ను అలాగే పిలిచాడు.