జుట్టు రాలితే ముందు కుదురు చూడండి: బెంగళూరులో నా అనుభవం

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు కాపురం పెట్టిన తెలుగువాళ్లకు జుట్టు రాలడం మొదలైతే నింద ముందు నీళ్ల మీదే పడుతుంది. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు, బకెట్ అంచున తెల్లటి పొర చూసి అలా అనుకోవడం సహజమే. డెంగీ తగ్గిన కొన్నాళ్లకు నాకు జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంటే అందరూ షవర్ ఫిల్టర్ పెట్టించుకోమనే చెప్పారు. ఫిల్టర్ కొనే ముందు రాలిన వెంట్రుకలు చూశాను. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష.

తలస్నానం అయ్యాక రాలినవి కొన్ని ఏరి, ఆరాక ముదురు రంగు గుడ్డ మీద పరిచి వెలుతురులో చూడాలి. ఒక కొసన గసగసం గింజంత తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడిన వెంట్రుక. బుడిపె లేకుండా, పొట్టిగా, కొస చీలినట్టు ఉంటే మధ్యలో తెగినది. బోరు ఉప్పు నీళ్లు చేసేది ఈ రెండో పనే. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పేరుకుని వెంట్రుక పైపొర గరుకెక్కుతుంది, చిక్కు పడుతుంది, దువ్వెన లాగితే తెగుతుంది. కుదురు జోలికి మాత్రం పోదు. పైగా షవర్‌కి బిగించే చిన్న ఫిల్టర్లు క్లోరిన్‌ను కొంత తగ్గిస్తాయేమో గానీ నీటి కాఠిన్యాన్ని పెద్దగా తగ్గించలేవు. దానికి ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్ కావాలి. తెగే జుట్టుకైతే చివరి రెండు చెంబులు మంచినీళ్లు పోసుకుని, కండిషనర్ రాసి, వెడల్పు పళ్ల దువ్వెన వాడితే చాలావరకు సరిపోతుంది.

నా గుడ్డ మీద దాదాపు అన్నిటికీ బుడిపెలే. అప్పుడు క్యాలెండర్ తీసి రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లాలి. తల మీద ఉండే లక్ష వెంట్రుకల్లో చాలావరకు ఏళ్ల తరబడి పెరిగే దశలోనే ఉంటాయి. గట్టి జ్వరం, ఆపరేషన్, కాన్పు, తిండి ఒక్కసారిగా తగ్గించడం లాంటివి ఒంటికి దెబ్బ కొడితే వాటిలో ఒక పెద్ద వంతు ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతుంది. ఆ దశ దాదాపు మూడు నెలలు. కాబట్టి జుట్టు ఊడేది జ్వరంలో కాదు, జ్వరం మరిచిపోయాక. బాలింతలకు మూడో నెల దాటాక ఊడేదీ ఇందుకే. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. ఈ దశలో అంతకు రెండు మూడింతలు ఊడినా కుదుళ్లు బతికే ఉంటాయి.

ఇది ఊహగా మిగలకూడదని చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఖర్చుకు వెనకాడేవాళ్లకు బౌరింగ్, విక్టోరియా ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ చర్మ విభాగం ఉంది. డాక్టరు సుమారు 50 వెంట్రుకలు వేళ్ల మధ్య పట్టి కుదురు నుంచి కొసదాకా మెల్లగా లాగి చూస్తారు. ఐదారుకు మించి చేతిలోకి వస్తే ఊడుడు ఎక్కువగా ఉన్నట్టు. తర్వాత డెర్మోస్కోప్‌తో, అంటే చర్మాన్ని పెద్దదిగా చూపే భూతద్దం లాంటి పరికరంతో, పాపిడి చూస్తారు. లావువీ సన్నవీ కలగాపులగంగా ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే పలచబాటు. మగవాళ్లకు నుదుటి మూలల్లో, నడినెత్తిన, ఆడవాళ్లకు పాపిడి వెడల్పవుతూ కనిపిస్తుంది. రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ ఉంటే పేనుకొరుకుడు. దాని మీద వెల్లుల్లి రుద్ది చర్మం కాల్చుకోవద్దని గట్టిగా చెబుతాను. అది రోగనిరోధక శక్తి కుదుళ్ల మీదే తిరగబడే జబ్బు, దానికి మచ్చలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఉన్నాయి.

రక్త పరీక్షల్లో సీబీసీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ లెక్క), ఫెరిటిన్ (ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు) ముఖ్యం. హిమోగ్లోబిన్ బాగుందని ఫెరిటిన్ వదిలేయకూడదు. ఒంట్లో ఇనుము నిల్వ ముందు తగ్గుతుంది, హిమోగ్లోబిన్ తర్వాత పడుతుంది. నెలసరిలో రక్తస్రావం ఎక్కువయ్యేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి లోటును కప్పేస్తుంది, అందుకే కోలుకున్నాక చేయించాలి. ఇంకో చిక్కు బయోటిన్ అనే విటమిన్. జుట్టు మాత్రల్లో అది ఎక్కువ మోతాదులో ఉంటుంది, కొన్ని ల్యాబుల పద్ధతిలో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పాలి.

నాకు థైరాయిడ్ బాగుంది, ఫెరిటిన్ తక్కువ. ఇనుము మాత్ర పరగడుపున, నిమ్మరసం నీళ్లతో వేసుకోవాలి. ఇక్కడ పొద్దున లేస్తే ఫిల్టర్ కాఫీ. కాఫీ, టీ, కాల్షియం మాత్ర మూడూ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, రెండు గంటల ఎడం ఉండాలి. కడుపులో తిప్పేవాళ్లు రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టరును అడగాలి, అలా వేసుకున్నా బాగానే పడుతుంది. మలం నల్లబడుతుంది, భయపడక్కర్లేదు.

మాడుకు రాసుకునే మినాక్సిడిల్ మందు నాకు రాయలేదు, జ్వరం తర్వాతి ఊడుడుకు సాధారణంగా అవసరం రాదు. వంశపారంపర్య పలచబాటుకు అది పని చేస్తుంది. 1 మి.లీ. మందు తడి లేని మాడుకు తగలాలి, వెంట్రుకలకు కాదు. మొదటి వారాల్లో ఊడుడు పెరగవచ్చు, చాలామంది అక్కడే మానేస్తారు. ఫలితం చూడాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఆపితే వచ్చింది పోతుంది. గర్భిణులు వాడకూడదు.

తిరుపతిలో గుండు కొట్టించుకుంటే ఒత్తుగా వస్తుందని పెద్దవాళ్లు అంటారు. మొక్కు ఉంటే తీర్చుకోండి, ఒత్తుదనం కోసమైతే వద్దు. క్షవరం కుదుళ్ల సంఖ్యను మార్చదు. కత్తిరించిన కొస మొద్దుగా ఉండి చేతికి దట్టంగా తగులుతుంది, అంతే.

నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి ఊడుడు ఆగినా జడ లావెక్కడానికి ఏడాది పైనే పడుతుంది. నెలకోసారి అదే వెలుతురులో, అదే పాపిడితో ఫోటో తీసుకుంటే తేడా తెలుస్తుంది. అయితే కొన్నింటికి ఈ ఓపిక పనికిరాదు. మాడు మీద మంట, చీము, పొలుసులు ఉన్నా, చర్మం నున్నగా మెరుస్తూ కుదుళ్ల రంధ్రాలే కనపడకపోయినా ఆ వారమే చూపించుకోవాలి, కుదుళ్లు పోయి గాయం మానినట్టు మచ్చ కట్టిన చోట మళ్లీ మొలవదు. పిల్లల తలలో పొలుసులతో జుట్టు తెగిపోతుంటే తామర కావచ్చు. దానికి పైపూత చాలదు, నోటి మందు కావాలి.