వాషింగ్టన్‌లో ఆకాశం రంగులు

వాషింగ్టన్ వెళ్ళినవాళ్ళు ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం చూడకుండా రారు. మేమూ ముందు అక్కడికే వెళ్ళాం. అపోలో 11 వ్యోమగాములు తిరిగొచ్చిన కొలంబియా చుట్టూ ఒకటే జనం. నా ధ్యాస మాత్రం మధ్యాహ్నం చూడబోయే పెయింటింగుల మీదే ఉంది. అంతరిక్షం ఫోటోలు చిత్రకారుల చేతిలో పడితే ఏమవుతాయో చూడాలని నా సరదా. చెల్లికి ఇవేం పట్టవు, నాకు తోడుగా వచ్చిందంతే.

బయటికొస్తుంటే హబుల్ టెలిస్కోపు 1995లో తీసిన 'సృష్టి స్తంభాల' పోస్టరు కనిపించింది. నక్షత్రాలు పుట్టే వాయువు, ధూళి స్తంభాలవి. "అక్కా, నిజంగా ఇన్ని రంగులుంటాయా అక్కడ?" అంది.

ఇలా ఉండవు. హబుల్ కెమెరా తీసేవి నలుపు తెలుపు ఫోటోలే. ఒక్కో ఫిల్టరుతో ఒక్కో మూలకం వెలుగును విడిగా పట్టి, తర్వాత గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం ఇచ్చారు. నిజానికి ఆ హైడ్రోజన్ వెలుగు ఎరుపే. గంధకానిదీ ఎరుపే కావడంతో, రెండూ కలిసిపోకుండా ఒకదాన్ని ఆకుపచ్చ చేశారు. అంటే ఫోటోలోనే సగం చిత్రకళ ఉంది! అందుకే దాన్ని మక్కీకి మక్కీ దింపిన నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) పెయింటింగులు నాకంతగా నచ్చవు. ఒకరు రంగులు ఎంచి పెట్టేశాక ఇంకొకరు చేయడానికి ఏం మిగిలింది?

అక్కణ్ణుంచి నడుచుకుంటూ అమెరికన్ ఆర్ట్ మ్యూజియానికి వెళ్ళాం. నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఆల్మా థామస్ కోసం. ఈ ఊళ్ళోనే 35 ఏళ్ళు స్కూల్లో ఆర్ట్ టీచరుగా చేసి, 1960లో రిటైరయ్యాక పూర్తిగా పెయింటింగులోకి దిగిన మనిషి. 1969 మేలో అపోలో 10 నుంచి మొదటిసారి కలర్ టీవీ ప్రసారం వచ్చింది. అందులోంచి విడిపోయి చంద్రుడికి సుమారు 15 కిలోమీటర్ల దగ్గరిదాకా వెళ్ళి, దిగకుండానే వెనక్కి వచ్చిన చిన్న నౌక పేరు స్నూపీ. అప్పటికి 77 ఏళ్ళున్న ఆల్మా, ఆ తర్వాత స్నూపీ పేరుతోనే కొన్ని బొమ్మలు వేసింది. ఒక్కదాంట్లోనూ రాకెట్ కనిపించదు.

ఆవిడ 1970లో వేసిన 'గ్రహణం' ముందు ఎక్కువసేపు నిలబడ్డాం. ముదురు నీలం గుండ్రం, అదీ సరిగ్గా మధ్యలో కాదు, కాస్త పక్కకి. దాని చుట్టూ వలయాలు. దగ్గరికెళ్తే ప్రతి వలయమూ పొట్టి పొట్టి రంగు ముక్కలే, ముక్కకీ ముక్కకీ మధ్య తెల్లటి ఖాళీ. ఆ ఖాళీల వల్లే రంగులు కదులుతున్నట్టుంటాయి. చెల్లి మరీ ముందుకి వంగేసరికి గార్డు వెనక్కి జరగమన్నాడు.

"పైనుంచి చూసిన పూలతోటలా ఉందక్కా" అంది. ఆల్మా తోటల్ని కూడా విమానంలోంచి చూస్తే ఎలా ఉంటాయో ఊహించుకునే వేసేది, తను విమానం ఎక్కకపోయినా. ఆ మాట చెప్పాక లేబుళ్ళు నాకంటే ముందే చదవడం మొదలెట్టింది.

ఒక్కటి మాత్రం కుదరలేదు, రాబర్ట్ రాషెన్‌బర్గ్ ప్రింట్లు చూడటం. ఈ అమెరికన్ చిత్రకారుడు 1969 జులైలో నాసా పిలుపు మీద అపోలో 11 ప్రయోగం చూసి, వాళ్ళిచ్చిన ఫోటోలు, రేఖాచిత్రాలతో 'స్టోన్డ్ మూన్' లితోగ్రాఫులు (రాతి పలక మీద గీసి తీసే అచ్చులు) చేశాడు. ఫోటోని నేరుగా వాడుకున్నా నకలు కొట్టినట్టుండదు, అదే ఆయన గొప్ప. జెమినీ అనే ప్రింట్ల వర్క్‌షాప్‌లో ఆయన చేసినవి నేషనల్ గ్యాలరీలో చాలానే ఉన్నాయి గానీ, కాగితం మీద వేసినవాటిని అన్నివేళలా గోడకి ఉంచరు. వెళ్ళేవాళ్ళు ప్రింట్ల గదికి ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి.