బిళ్ళలు లెక్కపెట్టాకే నా పార్శ్వపు నొప్పి దారికొచ్చింది

ఈ నెల క్యాలెండర్లో, తలనొప్పి వచ్చిన రోజులకు పెట్టుకునే ఎర్ర చుక్కలు ఆరే ఉన్నాయి. ఐదు నెలల కింద ఇరవై రెండు ఉండేవి. ఆ సంతోషం ఆరకముందే రాసేస్తున్నాను.

కళ్ళ పరీక్ష, బీపీ, స్కాన్ అన్నీ మామూలుగానే వచ్చాయి. పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, స్కాన్‌లో కనబడే జబ్బు కాదు, కాబట్టి రిపోర్టు బాగుందని ఇంట్లోవాళ్ళు మీ నొప్పిని కొట్టిపారేస్తే ఒప్పుకోకండి. మూడు నెలలకు పైగా, నెలకు 15 రోజులో అంతకన్నా ఎక్కువో తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు ఉంటే దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. నాది అదే.

మందులతో విసిగి ఒక వెల్‌నెస్ సెంటర్లో ఏడు రోజుల శిరోధారకు డబ్బు కట్టాను. కట్టిన వెంటనే వాళ్ళన్న మాట: "ఇంగ్లీషు మందులన్నీ ఈరోజే ఆపేయండి." ఏ మందులు, ఎన్ని, ఎన్నాళ్ళనుంచి అని ఒక్కరూ అడగలేదు. నేను ఆపేశాను. రెండోరోజుకల్లా గుండె దడ, వాంతులు, కణతలు పగిలిపోయే నొప్పి. ఇదేమిటని అడిగితే "విషం బయటికి పోతోంది" అన్నారు. నాలుగోరోజు ఇక భరించలేనంటే, వరుసలో కూర్చున్న పదిమంది ముందూ "మీకు నమ్మకం లేదు, అందుకే తగ్గట్లేదు" అన్నారు. నొప్పితో ఉన్న మనిషిని అలా అనడం పాపం. నా కోపం శిరోధార మీద కాదు. నుదుటి మీద నూనె ధార పడుతున్నంతసేపూ హాయిగానే ఉండేది. అడగవలసింది అడగకుండా వైద్యం మొదలుపెట్టిన వాళ్ళమీదే నా కోపం.

జరిగింది ఏమిటో తర్వాత న్యూరాలజిస్టు చెప్పారు. మైగ్రేన్ రాకుండా రోజూ వాడే ప్రొప్రనొలాల్‌ను ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. లేకపోతే గుండె వేగం, బీపీ ఎగిసిపడతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు అది ప్రాణాపాయం.

రెండోది నొప్పి బిళ్ళలు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒక్కటే నెలకు 15 రోజులు, మైగ్రేన్ నొప్పికే ఇచ్చే ట్రిప్టాన్, ఎర్గోటమిన్ మందులు, కెఫీన్ కలిపిన బిళ్ళలు 10 రోజులు, లేదా అంతకన్నా ఎక్కువ వాడుతూ, అలా మూడు నెలలు దాటితే, నొప్పి తగ్గించాల్సిన మందే నొప్పిని తెచ్చిపెడుతుంది. ఇక్కడ లెక్క రోజులకే, బిళ్ళలకు కాదు. ఒకరోజు మూడు వేసుకున్నా ఒక రోజే. నా లెక్క తీస్తే నెలకు పద్దెనిమిది రోజులు తేలింది. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చేస్తుంటే ఎవరు లెక్కపెడతారు?

ఈసారి నొప్పి బిళ్ళలను డాక్టరు పర్యవేక్షణలోనే ఆపాను. ఆపాక నొప్పి ముందు పెరుగుతుంది. ట్రిప్టాన్ వాడినవాళ్ళకు సుమారు నాలుగు రోజులు, మామూలు నొప్పి బిళ్ళలకు తొమ్మిది పది రోజుల వరకూ ఉండొచ్చు. పండగలూ పెళ్ళిళ్ళూ లేని వారం చూసుకోండి. వాంతి మందు ముందే రాయించుకోండి. కాఫీ కూడా ఒకేసారి మానొద్దు. నేను నాలుగు రోజులకొక కప్పు తగ్గించాను. మెడ వెనక ఐసు, చీకటి గది, పలచని మజ్జిగతో ఆ రోజులు గడిపాను.

ఆ తర్వాతే సహజ పద్ధతులు పనిచేయడం మొదలెట్టాయి. మెగ్నీషియం రోజుకు 400 మి.గ్రా. ఆక్సైడు రకంతో విరేచనాలైతే గ్లైసినేటుకు మారండి. కిడ్నీ జబ్బు ఉంటే అడక్కుండా వేసుకోవద్దు. రైబోఫ్లావిన్, అంటే బీ2, రోజుకు 400 మి.గ్రా. మామూలు బీకాంప్లెక్సులో అందులో పిసరంతే ఉంటుంది, అట్ట మీద చదవండి. మూత్రం ముదురు పసుపురంగులో వస్తే భయపడకండి. రెండిటికీ మూడు నెలలు గడువివ్వాలి. పదిరోజులకు మానేసి "పనిచేయలేదు" అనేవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

యోగా విషయంలో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2020లో ప్రచురించిన పరిశోధనలో మందులతోపాటు యోగా చేసినవాళ్ళకే, మందులు మాత్రమే వాడినవాళ్ళకన్నా నొప్పులు బాగా తగ్గాయి. "మందులతోపాటు" అన్న మాట గమనించండి. ఆయుర్వేదంలో అర్ధావభేదకం అనే దీనికి నస్యం, అంటే ముక్కులో మందు చుక్కలు వేయడం, చెబుతారు. మంచి వైద్యుడి దగ్గర నేర్చుకున్నాను: ఖాళీ కడుపున ముఖానికి నూనె రాసి, వేడి గుడ్డతో కాపడం పెట్టి, పడుకుని తల వెనక్కి వంచి, గోరువెచ్చని అణుతైలం (నస్యానికి వాడే మూలికల నూనె) ముక్కులో రెండేసి చుక్కలు. గొంతులోకి దిగింది మింగకుండా ఉమ్మేసి, గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించాలి. జలుబున్నప్పుడు చేయకూడదు.

ఆదివారం పొద్దెక్కేదాకా నిద్ర, ఏకాదశి ఉపవాసం, తలస్నానం చేసి తడిజుట్టుతో ఎండలోకి వెళ్ళడం: ఈ మూడూ నాకు పడవని చుక్కలే చెప్పాయి. ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి తినాలనిపించడం మాత్రం నొప్పికి కారణాలు కావు. అది మొదలైందన్న గుర్తులు.

ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, చెయ్యో కాలో పడిపోవడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం ఉంటే ఇవేవీ వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు ఒకటో తారీఖున ఎనిమిది రోజులకు సరిపడా బిళ్ళలు మాత్రం డబ్బాలో వేసుకుని, మిగతా స్ట్రిప్పు మా అక్క దగ్గర ఉంచుతున్నాను.