బీరంగూడ నుంచి సికింద్రాబాద్ దాకా

సికింద్రాబాద్‌లో పనుందంటే "క్యాబ్ బుక్ చేస్తానుండు" అన్నారు బావగారు. వద్దన్నాను. హైదరాబాద్ శివార్లలోని బీరంగూడలో ఫ్లాట్ కొన్నప్పటి నుంచీ అక్క దానికయ్యే ఖర్చు గురించే చెబుతోంది.

సందు చివర షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు పట్టే సీట్లో నలుగురం, డ్రైవర్‌కి చెరోవైపు ఒకరు. "కొంచెం సర్దుకోండమ్మా" అంటూ రామచంద్రాపురంలో ఇంకొకరిని ఎక్కించాడు. ఎలాగో లింగంపల్లి స్టేషన్ చేరాం.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఇక్కడ 2003 నుంచి నడుస్తోంది. టికెట్ 5 రూపాయల దగ్గర మొదలు, అంత చవక ఇంకేదీ లేదు. కాకపోతే ముంబై వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ ఇవే పట్టాల మీద నడవాలి కాబట్టి మెట్రోలా నిమిషాలకొకటి రాదు. టైం చూసుకునే ఇల్లు కదలాలి.

లేడీస్ పెట్టెలో నా ఎదురుగా ఒకావిడ గోంగూర తుంచుతోంది. ఆకులు ఒక కవర్లోకి, కాడలు ఇంకో కవర్లోకి. అడక్కుండానే పక్కావిడ చెయ్యి చాచి ఓ కట్ట అందుకుంది. హైటెక్ సిటీ స్టేషన్ రాగానే మెడలో ఐడీ కార్డులున్నవాళ్లంతా మెట్ల మీదికి ఒకటే పరుగు. రైలు దిగాక కూడా ఎందుకింత టెన్షన్ అనుకున్నాను. సైబర్ టవర్స్ వైపు ఆటోలో సీటు కోసమట! ఈ ఊళ్లో రైలు తేలికే, స్టేషన్‌కి అటూ ఇటూ ఉన్న ఆ రెండు మూడు కిలోమీటర్లే ప్రాణం తీసేవి.

తిరుగు ప్రయాణం మెట్రోలో. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మియాపూర్‌లో దిగాను. ఏసీ చల్లగా హాయిగా ఉంది కానీ మెట్రో అక్కడితో సరి. బీరంగూడకి మళ్లీ పటాన్‌చెరు బస్సే.

బస్సులో ఆడవాళ్లందరూ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటుంటే నేనూ చాచాను. కండక్టర్ రాజమండ్రి అడ్రస్ చూసి నవ్వాడు. "ఇది తెలంగాణోళ్లకేనమ్మా." 2023 డిసెంబర్ నుంచి ఇక్కడ మహాలక్ష్మి, 2025 ఆగస్టు నుంచి మా దగ్గర స్త్రీశక్తి. ఎవరి బస్సు వాళ్లకే ఫ్రీ. వెనక నించున్నాయన "పోన్లెండి, డబ్బులిచ్చేవాళ్లలో మాకో తోడు దొరికింది" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర "రేపు గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి నిన్ను కార్లో సికింద్రాబాద్‌లో దింపుతాను" అన్నారు బావగారు. గౌతమి బయల్దేరేదే లింగంపల్లి నుంచి. షేర్ ఆటో చాలన్నాను.