కల్లంలో వాన, నోట్సులో పేరా

మార్చి మొదటి వారం, గురువారం రాత్రి

నిన్న రాత్రి తొమ్మిది దాటాక వాన మొదలైంది. అరగంట దంచి ఆగిపోయింది. మా పల్నాడులో ఈ నెలలో ఆ అరగంట చాలు. మిర్చి అంతా కల్లాల్లోనే ఉంది. పొద్దున స్కూటీ మీద బడికి వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా అదే పని. పట్టలు తీసి దులుపుతున్నారు. నీళ్లు నిలిచిన చోట కాయల్ని ఎత్తి పొడి నేల మీద పోస్తున్నారు. తడిసిన మిరపకాయల ఘాటు హెల్మెట్ లోపలికి కూడా వచ్చింది.

బడిలో అనుకున్నట్టే అయింది. ఎనిమిదో తరగతిలో 34 మందికి 21 మందే వచ్చారు. మిగతావాళ్లు ఎక్కడున్నారో ఎవర్నీ అడగాల్సిన పని లేదు.

రెండో పీరియడ్ నాది. చేతిలో సోమవారం రాయించిన నోట్సులు ఉన్నాయి. "వాన గురించి ఒక పేరా రాయండి, పది వాక్యాలు దాటొద్దు" అని ఇచ్చాను. 31 మంది రాశారు. రెండు రాత్రులు కూర్చుని దిద్దాను. పాతిక నోట్సుల్లో మొదటి వాక్యం దాదాపు ఒకటే. "వర్షం ప్రకృతి మనకు ప్రసాదించిన వరం." రెండోది "నీరు లేనిదే జీవం లేదు." ఆ తర్వాత రైతు దేశానికి వెన్నెముక, చెట్లు నాటాలి, ప్లాస్టిక్ వాడకూడదు. చివర్లో "కావున మనమందరం నీటిని పొదుపుగా వాడుకుందాం." దీర్ఘాలు, ఒత్తులు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. ఎర్ర పెన్నుతో గీయడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా ఒక్కో నోట్సు మూస్తుంటే మనసుకి కష్టంగా అనిపించింది. వీళ్లలో సగం మంది ఇళ్లలో పొద్దున లేవగానే ముందు మబ్బు చూసి ఆ తర్వాతే వేరే మాట మాట్లాడతారు. ఆ వాన ఒక్క నోట్సులోనూ కురవలేదు.

తప్పు వాళ్లది అనను. రాయడం అంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని చెప్పి ఆ మూడు డబ్బాలూ నింపమంటాం. నింపడానికి దగ్గర్లో దొరికేది గైడు. పదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లినప్పుడు కట్ట మార్చినా అదే ఉపోద్ఘాతం, అవే మాటలు, కామా కూడా మారకుండా కనపడేవి. ప్రశ్నపత్రంలో ఆ విభాగం పేరు "వ్యక్తీకరణ - సృజనాత్మకత". అక్కడ పిల్లాడు వ్యక్తం చేస్తున్నది గైడు రాసినాయన మాటలనే. మార్కులు వేయక తప్పదు, ఎందుకంటే తప్పుల్లేవు.

ఈరోజు ఆ నోట్సులు పంచి, మంచి పేరా ఎలా ఉండాలో బోర్డు మీద చెప్దామని వెళ్లాను. సుద్దముక్క పట్టుకునే లోపు తలుపు దగ్గర ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. రెండో బెంచీలో కూర్చుంటుంది. పిలిస్తే తప్ప మాట్లాడదు. రెండు చేతులూ చున్నీకి రుద్దుకుంటోంది.

"ఏమ్మా, ఇంత లేటు?"

"కల్లం తడిసింది టీచర్. ఇప్పటిదాకా ఎత్తాం. చేతులు మండుతున్నయ్."

వెళ్లి చేతులు మళ్లీ ఒకసారి కడుక్కుని రమ్మన్నాను. వచ్చాక, బెంచీ దగ్గరే నిలబడి రాత్రి ఏం జరిగిందో చెప్పమన్నాను. సిగ్గుపడుతుందేమో అనుకున్నాను. పడలేదు.

"అన్నం తింటా ఉన్నాం టీచర్. గాలి లేచింది. మా నాన్న చెయ్యి కడిగేసుకుని బండి తీశాడు. అమ్మా నేనూ ఎక్కాం, అన్న సైకిల్ మీద వచ్చాడు. పోయేతలికే చినుకులు. పట్టలు నాలుగే ఉన్నయ్. అన్న ఫోన్ లైటు పట్టుకున్నాడు. వాడు గుంటూరులో డిప్లొమా చదువుతున్నాడు, హాస్టల్లో అన్నం బాగోదంట, అందుకని వచ్చాడు. రెండు పట్టలు కప్పి రాళ్లు పెట్టాం. మూడోది గాలికి లేచిపోతా ఉంది. ఇంక రాళ్లు లేవు. నేను దాని మీద పడుకున్నా టీచర్. వాన ఆగిందాకా లేవలా. కింద కాయలు ఎచ్చగా ఉన్నయ్, పైనేమో వాన."

క్లాసులో చప్పుడు లేదు. ఈ పిల్లలు నేను కథ చదివినా ఇంత నిశ్శబ్దంగా వినరు. సోమవారం నాటి ఆ అమ్మాయి నోట్సు నా చేతిలోనే ఉంది. "వర్షం ప్రకృతి మనకు ప్రసాదించిన వరం."

నేను అనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. తను చెప్పిన మాటల్ని గుర్తున్నంత వరకు వాక్యానికో లైను చొప్పున బోర్డు మీద రాశాను. "ఇప్పుడు దీన్ని పేరా చేద్దాం. ఇది దేని గురించి?" అన్నాను.

"వాన గురించి టీచర్" అన్నారు చాలామంది.

"వాన గురించైతే మీ అందరి ఇళ్ల మీదా పడింది. ఇది వీళ్ల కల్లంలో దేని గురించి?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ కుర్రాడు, మామూలుగా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవాడు, "పట్టలు చాల్లేదు టీచర్" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాసి పెట్టుకోవాలి. పేరాకి మొదటి వాక్యం ఎలా దొరుకుతుందో ఇన్నేళ్లుగా చెప్తున్నాను, ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. నాలుగే పట్టలు ఉండటం, రాళ్లు అయిపోవడం, పిల్ల పట్ట మీద పడుకోవడం, అన్నీ ఆ ఒక్క మాటకి వేలాడుతున్నాయి. బోర్డు పైన పెద్ద అక్షరాలతో రాశాను. "నిన్న రాత్రి వానకి మా కల్లంలో పట్టలు చాల్లేదు."

"ఇప్పుడు కింద ఉన్న ఒక్కో వాక్యాన్నీ దీని పక్కన పెట్టి అడగండి. పట్టలు చాలకపోవడానికీ దీనికీ సంబంధం ఉందా?"

హాస్టల్ అన్నం దగ్గర పెద్ద చర్చ జరిగింది. తీసేయాలని ముందు వరస ఆడపిల్లలు. నిజంగా జరిగిందే కదా, ఎందుకు తీసేయాలని ఇద్దరు మగపిల్లలు. వాళ్ల ప్రశ్న నాకు నచ్చింది. నిజమే అయినా ఈ పేరాలో దానికి పని లేదని, అన్న గురించి రాసేటప్పుడు అదే మొదటి వాక్యం కావచ్చని చెప్పాను. ఫోన్ లైటు కూడా తీసేద్దామంది ఒకమ్మాయి. "లైటు తీసేస్తే చీకట్లో పట్టలు ఎట్టా కప్పారు?" అని పక్కమ్మాయే అడిగింది. లైటు ఉంచాం.

తర్వాత ఎవరి నోట్సులో వాళ్లు రాసుకోమన్నాను. బెంచీల మధ్య తిరుగుతూ చూస్తే, నోటితో అంత బాగా చెప్పిన వాక్యాలు కాగితం మీద మారిపోతున్నాయి. "మేము కాయలను కుప్ప చేసితిమి మరియు పట్టలు కప్పితిమి మరియు రాళ్లు పెట్టితిమి." ఈ "మరియు" మీద నాకు ఎప్పటి నుంచో కోపం. మన ఇళ్లలో ఎవరూ "అమ్మ మరియు నేను" అనరు, "అమ్మా నేనూ" అంటారు. ఇప్పుడే ఆ అమ్మాయి అలాగే అంది. పనుల్ని కలపాలంటే "కుప్పచేసి, కప్పి, పెట్టాం" అంటే సరిపోతుంది. మొన్న జనవరిలో క్త్వార్థకం (కప్పి), శత్రర్థకం (కప్పుతూ), చేదర్థకం (కప్పితే) నేర్పాను. ఉదాహరణలు ఇస్తే టకటకా గుర్తుపట్టారు, మార్కులు తెచ్చుకున్నారు. కానీ ఆ "కప్పి"నే తమ వాక్యంలో వాడుకోవచ్చని ఒక్కరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? వ్యాకరణం ఒక పీరియడ్, రాయడం ఇంకో పీరియడ్. రెంటికీ మధ్య తలుపు నేను తెరవలేదు. ఈరోజు బోర్డు మీద రెండు "మరియు"లు కొట్టేసి, ఒకే వాక్యంగా కలిపి చూపించాను. "ఇదా టీచర్ క్త్వార్థకం!" అన్నాడొకడు, పాత చుట్టం కనపడినట్టు.

"చేసితిమి" సంగతి ఇంకోటి. పెన్ను పట్టుకోగానే వాళ్లకి అలాంటి భాషే రాయాలేమో అనిపిస్తుంది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేసింది ఈ పిల్లలే. ఆయన పర్లాకిమిడిలో మాలాగే బళ్లో పాఠాలు చెప్పుకున్న మనిషి. సవర గిరిజన పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు తయారు చేసిన మనిషి. బళ్లో పిల్లలు రాసే తెలుగు వాడుక భాషలో ఉండాలని నూరేళ్ల కిందట అంత పోరాడితే, ఈరోజు మా ఎనిమిదో తరగతిలో "పెట్టితిమి" ఇంకా బతికే ఉంది. "ఉన్నయ్"ని "ఉన్నాయి" అని రాయమన్నాను, పరీక్షలో అడుగుతారు కాబట్టి. కల్లం, పట్ట, తాలు (రంగు పోయిన నాసి కాయలు) లాంటి మాటలు మాత్రం అలాగే ఉంచమన్నాను. ఒకమ్మాయి కల్లం బదులు "మిరపకాయలు ఆరబెట్టు ప్రదేశం" అని రాసింది. కొట్టేయించాను.

అందరికీ కల్లం లేదు. కిరాణా కొట్టు వాళ్లబ్బాయి దిగులుగా కూర్చున్నాడు. "మా ఇంట్లో ఏం జరగలేదు టీచర్, కరెంటు పోయింది, పడుకున్నాం అంతే." కరెంటు పోయాక ఏం వినపడిందని అడిగాను. ఆలోచించి, కొట్టు ముందు రేకుల మీద వాన చప్పుడుకి నాన్న పిలిచినా వినపడలేదన్నాడు. అది రాయమన్నాను. నాలుగు వాక్యాలే రాశాడు. చివరిది "నాన్న నన్ను మూడుసార్లు పిలిచాడంట, నాకు రేకులే వినపడ్డాయి." పది వాక్యాలు కావాలని నేను అడగలేదు. ఐదోది రాస్తే అక్కడ నీటి పొదుపు వచ్చి కూర్చుంటుంది.

కలిసి రాసిన పేరా చివరికి ఇలా తేలింది. బోర్డు తుడిచే ముందు ఎక్కించుకున్నాను.

"నిన్న రాత్రి వానకి మా కల్లంలో పట్టలు చాల్లేదు. అన్నం తింటుండగా గాలి లేచింది. నాన్న చెయ్యి కడుక్కుని బండి తీశాడు. మేం వెళ్లేసరికే చినుకులు పడుతున్నాయి. అన్న ఫోన్ లైటు పట్టుకుంటే మిగతా ముగ్గురం కాయల్ని కుప్పచేసి, రెండు పట్టలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాం. మూడో పట్టకి రాళ్లు మిగల్లేదు. అది గాలికి లేచిపోతుంటే నేను దాని మీద పడుకున్నాను. కింద కాయలు వెచ్చగా ఉన్నాయి, పైన వాన పడుతోంది. నాలుగో పట్ట చిరిగి ఉంది. అందుకే ఆ మూల కాయలు తడిశాయి."

చిరిగిన పట్ట సంగతి తను మొదట చెప్పలేదు. "మరి నాలుగో పట్ట ఏమైంది?" అని క్లాసంతా అడిగితే అప్పుడు చెప్పింది. చదివేవాళ్లకి ఏ ప్రశ్న వస్తుందో ముందే తెలుసుకుని రాయాలని నేను వేరే చెప్పక్కర్లేకపోయింది. ఆ "అందుకే" కూడా వాళ్లు పెట్టిందే.

గంట కొట్టడానికి ఐదు నిమిషాలుందనగా ముందు బెంచీ వాడు, పేరా మొదట్లో వేలెడు ఖాళీ ఎందుకు వదలాలని అడిగాడు. తాటాకుల మీద రాసిన రోజుల్లో ఆ ఖాళీ లేదని, పేరాకే కాదు, మాటకీ మాటకీ మధ్య కూడా వదలకుండా ఆకు ఈ చివర నుంచి ఆ చివరకి వరసగా రాసుకుపోయేవాళ్లని చెప్పాను. ఎక్కడ ఆగాలో చదివేవాడే చూసుకోవాలి. "అమ్మో, చదివేవాళ్లకి ఎంత కష్టం టీచర్" అన్నాడు. అచ్చు పుస్తకాలు వచ్చి అలవాటు చేసిన ఆ వేలెడు ఖాళీ, ఒక సంగతి అయిపోయింది, ఇంకోటి మొదలవుతోందని చదివేవాళ్లకి చెప్పడానికే అన్నాను.

అప్పుడు రెండో బెంచీ అమ్మాయి లేచింది.

"టీచర్, రేటు సంగతి కూడా రాయనా? తడిసినవి మిర్చి యార్డుకి తీసుకుపోతే తాలు కిందే కొంటారంట. మా నాన్న పొద్దున్నుంచీ అదే అంటున్నాడు."

రాయమని చెప్పబోయి ఆగాను. "నువ్వే చూడమ్మా. పైన ఏం రాశావు?"

నోట్సులోకి చూసింది. మొదటి వాక్యం మీద వేలు పెట్టి, కింది దాకా జరుపుకుంటూ వచ్చింది. "ఇది పట్టలది టీచర్. రేటుది వేరే." కూర్చుని, మార్జిన్ పక్కన చూపుడు వేలు ఆనించి, ఆ వేలు దాటాక రాయడం మొదలుపెట్టింది. అంతలో గంట కొట్టారు.

ఆ నోట్సు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కాగితానికి మిరపకాయ ఘాటు ఇంకా పోలేదు. రెండో పేరాలో ఒక్క వాక్యమే ఉంది.

"పొద్దున నాన్న తడిసిన కాయల్ని విడిగా పోసి, చాలాసేపు వాటి పక్కనే కూర్చున్నాడు."