నేలతాడి పేరు తెలుసుకోడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది

రెండేళ్ళ కింద శ్రావణమాసంలో నాలుగు రోజులు వదలకుండా ముసురు పట్టి ఆ రోజే కాస్త తెరిపిచ్చింది, నేను తూర్పు కనుమల అంచున ఒక ఊరి గుట్ట ఎక్కుతున్నా (ఏ ఊరో చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది). వెదురు పొద నీడలో, తడి ఆకుల మధ్య నేలకి అంటుకున్నట్టు పసుప్పచ్చటి చుక్క ఒకటి కనపడింది. ఎవరైనా గుడికెళ్తూ చిటికెడు పసుపు రాల్చారేమో అనుకున్నా, వంగి చూస్తే పువ్వు. ఆరు రేకులు, నక్షత్రంలా విచ్చుకుని, రూపాయి బిళ్ళంత లేదా దానికంటే రవ్వంత పెద్దది. చుట్టూ ఈత మొక్క ఆకుల్లాంటి పొడుగాటి ఆకులు. పువ్వుకి కాడ ఉందో లేదో కూడా తెలీలేదు, నేల్లోంచే పూసినట్టుంది.

ఇన్నేళ్ళుగా గుట్టలు తిరుగుతున్నా, తంగేడు, పల్లేరు, తుత్తురుబెండ ఇలా పసుపు పూలు కళ్ళు మూసుకుని చెప్పగలను, ఇది మాత్రం ఎప్పుడూ చూళ్ళేదు. ఆనందంలో పైనుంచి ఒకే ఒక్క ఫోటో తీసుకుని ఇంటికొచ్చేశా. ఇదే నేను చేసిన పెద్ద తప్పు, మీరెవరూ చెయ్యకండి.

ఆ ఫోటో ఫోన్లో మొక్కలు గుర్తుపట్టే ఒక యాప్‌కి ఇస్తే ఒకసారి లిల్లీ అంది, ఇంకోసారి ఉల్లి జాతి అంది, మూడోసారి ఏదో విదేశీ తోట మొక్క పేరు చెప్పింది. యాప్‌ని అనడానికి లేదు, పైనుంచి తీసిన ఆరు పసుపు రేకులు చూసి ఎవరైనా అంతకంటే ఏం చెప్తారు. వారం తర్వాత మళ్ళీ వెళ్తే పువ్వు లేదు, ఉన్న ఆకుల్లో ఏది దానిదో, ఏది నిజంగానే ఈత పిలకో తేల్చుకోలేకపోయా. కార్తీకం వచ్చేసరికి ఆకులు కూడా ఎండిపోయి నేల బోసిపోయింది. అలా ఒక ఏడాది పోయింది, ఆ ఏడాదంతా ఆ పువ్వు నా కళ్ళలోనే ఉంది.

రెండో ఏడు ముందే సిద్ధమయ్యా. ఆషాఢంలో మొదటి గట్టి వానలు పడ్డ దగ్గర్నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే ఏడింటికల్లా ఆ వెదురు పొద దగ్గర ఉండేదాన్ని. ముందు ఆకులొచ్చాయి, మూడో వారం పువ్వొచ్చింది. పొద్దున చూసిన పువ్వు మధ్యాహ్నం దిగేటప్పటికి వాలిపోయి ఉంది, అందుకే పోయినేడు దొరకలేదని అప్పుడర్థమైంది.

ఈసారి మోకాళ్ళ మీద కూర్చుని, కాదు దాదాపు పడుకునే చూశా. ఆకు మూరెడు లోపే ఉంది, వెడల్పు రెండు సెంటీమీటర్లు అటూఇటూ, అడుగునుంచి కొస దాకా నిలువు మడతలు, చిన్న పిల్లలు కాగితం విసనకర్ర చేస్తే ఎలా మడుస్తారో అచ్చం అలాగే. తాటి మొలకకీ ఈత మొలకకీ కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి అక్కడే మోసపోతాం, కానీ వేళ్ళతో రాస్తే తెలుస్తుంది, తాటి జాతి ఆకు గట్టిగా పెళుసుగా ఉంటుంది, ఇది పల్చగా మెత్తగా ఉండి పైన అక్కడక్కడా నూగు తగిలింది. పువ్వుని పక్కనుంచి చూస్తే బయటి రేకుల వీపు మీద కూడా అదే నూగు. లోపల ఆరు కేసరాలు.

అసలు సంగతి కింద ఉంది. పువ్వు కింద సన్నగా దారంలా ఉన్నదాన్ని నేను కాడ అనుకున్నా. ఆకుల మొదళ్ళు వేలితో మెల్లగా పక్కకి తీసి చూస్తే అది నేల దాకా దిగి, ఆకుల తొడుగుల్లో దాక్కున్న చిన్న బుడిపెలోకి వెళ్ళింది. ఆ బుడిపే అండాశయం, తర్వాత కాయగా మారేది అదే. అంటే ఆ దారం కాడ కాదు, అండాశయం ముక్కులా సాగి పువ్వుని పైకి పట్టుకుని ఉంది. పువ్వు పైన, కాయ కట్టేది మట్టిలో. అది చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, నిజంగా.

ఇక్కడితో లిల్లీ సంగతి తేలిపోయింది, ఎందుకంటే లిల్లీల్లో అండాశయం రేకుల పైన, పువ్వు లోపలే కనపడుతుంది, దీనిలో రేకుల కింద ఉంది. మిగిలింది ఒక్క అనుమానం, హైపాక్సిస్ ఆరియా అని దీని చుట్టం ఒకటుంది, అదీ పసుపు నక్షత్రమే. కానీ దాని ఆకులు గడ్డిపోచల్లా మిల్లీమీటర్లలో ఉంటాయి, పువ్వు సన్నటి కాడ మీద పైకి లేచి కనపడుతుంది. నా మొక్క అలా లేదు.

ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే మేకలు తోలుకుంటూ ఒక తాత వచ్చాడు. నేను నేల మీద పడుకుని ఉండటం చూసి పడిపోయాననుకున్నాడు పాపం. "ఏం లేదు తాతా, ఈ పువ్వు పేరు కోసం చూస్తున్నా" అన్నా. ఆయన చేతికర్రతో ఆకు కొంచెం పక్కకి జరిపి, "ఇదా తల్లీ, నేలతాడి. దీనికోసం రెండేళ్ళు తిరగడమేంది, నన్నడిగితే పోయేది" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నేల మీద ఉండే తాడి, ఆకు చూసి పెట్టిన పేరు, ఇంత సూటిగా ఉన్న పేరు నా భాషలోనే ఉంటే నేను ఎక్కడెక్కడో వెతికా.

తాత ఇంకో మాట కూడా చెప్పాడు. ఆయన చిన్నప్పుడు ఆ వాలంతా ఇదే ఉండేదట, తర్వాత గడ్డలు కొనేవాళ్ళొచ్చాక జనం గునపాలేసుకుని తవ్వుకుపోయారట. పొద వెనక్కి తీసుకెళ్ళి చూపించాడు, పాత గుంతలు, గడ్డి మొలిచి సగం పూడిపోయి. అంత వాలులో నేను వెతికి లెక్కపెడితే పదకొండు మొక్కలు తేలాయి.

పేరు దొరికాక మిగతావన్నీ వరసగా దొరికాయి. శాస్త్రీయ నామం కర్క్యులిగో ఆర్కియోయిడెస్, జర్మన్ వృక్షశాస్త్రవేత్త గేర్ట్‌నర్ 1788లో పెట్టిన పేరు. కర్క్యులియో అంటే లాటిన్‌లో ముక్కుపురుగు, నల్లగా మెరిసే గింజకి ఉండే చిన్న ముక్కు వల్ల ఈ పేరు వచ్చిందంటారు. ఇప్పుడు హైపాక్సిడేసి కుటుంబంలో పెడుతున్నారు గానీ పాత వృక్షశాస్త్ర పుస్తకాల్లో అమరిల్లిడేసిలో ఉంటుంది, నేను మొదట తప్పు చోట తిప్పుకుంటూ కూర్చుని రెండు గంటలు పోగొట్టుకున్నా, మీకు ఆ బాధ లేకుండా చెప్తున్నా. మన సామర్లకోటలో ఉండి పనిచేసిన స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లో మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీని బొమ్మ వేయించాడు, ఆయనకి ఆ బొమ్మలు గీసిపెట్టింది ఇక్కడి చిత్రకారులే.

ఉపయోగాల సంగతికొస్తే, ఆయుర్వేదంలో దీన్ని తాలమూలి అంటారు, బజార్లో నల్ల ముసలి, కాలీ ముస్లీ అనే పేర్లతో అమ్మేది దీని గడ్డే. పైన నల్లగా, కోస్తే లోపల తెల్లగా జిగురుగా ఉండి, నిలువుగా కిందికి దిగే దుంప. బలానికి, వీర్యవృద్ధికి అని పొడి చేసి పాలల్లో ఇస్తారు. తెల్ల ముసలి అనేది వేరే మొక్క, దాని పువ్వు తెల్లగా ఉంటుంది, రెండిటికీ చివర ముసలి అని ఉండటంతో చాలామంది ఒకటే అనుకుంటారు. కేరళలో దీన్ని నిలప్పన అంటారు, అక్కడివాళ్ళు పవిత్రంగా చూసే పది మొక్కలు, అంటే దశపుష్పాల్లో ఇదొకటి, కర్కాటక మాసంలో ఆడవాళ్ళు తల్లో పెట్టుకుంటారు. అది నాకు బాగా నచ్చింది, గడ్డ పీకకుండా మొక్కని గౌరవించే పద్ధతి కదా. చైనా వైద్యంలో కూడా వాడతారు, అయితే దీనికి విషగుణం ఉందని వాళ్ళ గ్రంథాల్లోనే రాసుంది కాబట్టి ఎవరో చెప్పారని సొంతంగా తవ్వుకుని తినేది కాదు, వైద్యుడు లేకుండా అసలొద్దు.

మొక్కల, జంతువుల ఫోటోలు పెడితే అందరూ కలిసి పేరు తేల్చే వెబ్‌సైట్ ఐనాచురలిస్ట్‌లో పెట్టడం చివరి పని. ఈసారి ఐదు ఫోటోలు పెట్టా, మొత్తం మొక్క, ఆకు మడతలు, పువ్వు ముందు నుంచి, పక్క నుంచి, మొదలు దగ్గర ఆ బుడిపె కనపడేలా ఒకటి. గడ్డ ఫోటో ఎందుకు లేదని ఒకరు అడిగారు. తవ్వలేదండీ, తవ్వితే పదకొండు పదవుతాయి, మొదలు ఫోటో చూస్తే చాలు అని జవాబు రాశా. వాళ్ళు ఆ ఫోటో పెద్దది చేసి చూసి ఒప్పుకున్నారు. జాతి దాకా పేరు చెప్పినవాళ్ళలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే మాట మీదుంటేనే అక్కడ అది రీసెర్చ్ గ్రేడ్ (పరిశోధనకి పనికొచ్చే నమోదు) అవుతుంది, నాది మూడు రోజుల్లో అయింది. లొకేషన్ మాత్రం దాచిపెట్టే ఆప్షన్ పెట్టా, అలా చేస్తే అసలు చోటు కాకుండా 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తుంది, అంటే ఇరవై కిలోమీటర్ల పైన తేడా రావచ్చు. శాస్త్రానికి సరిగ్గా చోటు తెలియాలి కదా అని ఒక స్నేహితురాలు గట్టిగా వాదించింది. ఆ మాటలో నిజం ఉంది. కానీ నేను ఆ గుంతలు చూశాను, ఎవరైనా పరిశోధన కోసం నేరుగా అడిగితే నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తా గానీ మ్యాప్‌లో మాత్రం పెట్టను.

దీని ఆకు కొస నేలకి తగిలితే అక్కడ వేరు వేసి పిలక వస్తుందని చదివా. నమ్మబుద్ధి కాలేదు, అయినా పోయిన శ్రావణంలో ఒక మొక్కకి బాగా వంగి ఉన్న ఆకు కొసని కొంచెం తడి మట్టిలోకి నొక్కి పైన చిన్న గులకరాయి పెట్టొచ్చా. ఆ సంగతి తాతకి కూడా చెప్పా, మేకల్ని అటు రానివ్వనని అన్నాడు. ఈ ఏడు ఆషాఢంలో వెళ్ళా. గులకరాయి పక్కకి ఒరిగి ఉంది, దాని పక్కన వేలెడంత మడతల ఆకులు రెండు, మూడోది ఇంకా చుట్టుకునే ఉంది. నోట్‌బుక్‌లో పదకొండు కొట్టేసి పన్నెండు అని రాసుకున్నా.